ఒకే అక్షరం, వేరే పలుకు

మన తెలుగువాళ్ళం నలుగురం ఎక్కడ చేరినా, సాంబారు చల్లారేలోపల ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు: “మన భాష ఎలా పలికితే అలా వ్రాస్తాం, ఎలా వ్రాస్తే అలా చదువుతాం. ఇంగ్లీషులాగా తికమక లేదు.” అందరం తల ఊపుతాం. పిల్లలు స్పెల్లింగు పోటీలకి తయారవుతూ పడే అవస్థ కళ్ళముందు ఉంటుంది గనక మరికాస్త గట్టిగా ఊపుతాం. చైనా అక్షరాలు నేర్చుకోవటం మొదలుపెట్టాక మటుకు ఈ మాటని ఒకసారి నిలబెట్టి చూడాలనిపించింది మాకు.

చైనా అక్షరాలు మాకెందుకయ్యా అని మీరడగవచ్చు. మేమిద్దరం డాక్టర్లం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చైనావాళ్ళు, ముఖ్యంగా ముసలివాళ్ళు, చాలామంది. వైద్యానికి సంబంధించిన ప్రతి మాటా అర్హతగల దుబాసీ ద్వారానే జరుగుతుంది. మా చైనీసుతో మేము ఎవరికీ మందు చెప్పం, చెప్పకూడదు కూడా. కాని గదిలోకి వెళ్ళగానే వాళ్ళ భాషలో ఒక పలకరింపు, గోడమీది అక్షరం ఏమిటో తెలిసిన చూపు, ఈ పాటి ఉంటే బాగుంటుందని మొదలుపెట్టాం. ఇంకో కారణం ఫ్లషింగ్. మనవాళ్ళకి న్యూయార్క్‌లో ఫ్లషింగ్ అంటే బౌన్ స్ట్రీట్ మీద 1977లో ప్రతిష్ఠ జరిగిన వినాయకుడి గుడి, దాని కింద క్యాంటీన్‌లో దోసె. ఆ దోసె తిని అరగటానికి మెయిన్ స్ట్రీట్ దాకా నడిస్తే, తలెత్తినచోటల్లా చైనా అక్షరాలే. అన్నిటికీ పక్కన ఇంగ్లీషు ఉంటుంది గనక, వీధి మొత్తం మాకు బాలశిక్షలాగా పనికివచ్చింది.

మొదటి తిరకాసు అక్కడే ఎదురైంది. బ్యాంకు బోర్డుమీద రెండు అక్షరాలు: ‘యిన్ హాంగ్’. మొదటిది వెండి, రెండోది వ్యాపారశాల. వెండి అంగడి, అదే బ్యాంకు. బాగుంది. నాలుగు కొట్ల అవతల టికెట్లమ్మే ట్రావెల్ ఏజెన్సీ. దాని బోర్డులోనూ ఆ రెండో అక్షరమే ఉంది, గీత తేడా లేదు. కాని అక్కడ దాన్ని ‘హాంగ్’ అనరు, ‘షింగ్’ అంటారు, నడక, ప్రయాణం అని అర్థం. బొమ్మ ఒకటే, శబ్దం వేరు, అర్థం వేరు. ఇలాంటి వాటికి వాళ్ళ భాషలో ఒక పేరే ఉంది, ‘దువో యిన్ ౘ్’ అని. అనేక ధ్వనుల అక్షరం అని అర్థం.

మా స్నేహితురాలొకామె శనివారాలు చైనా పిల్లల బడిలో పాఠం చెబుతుంది. ఈ అక్షరం ఎలా చదవాలి అని మేము కాగితం చూపించినప్పుడల్లా ఆమె ఎదురు ప్రశ్న వేస్తుంది: “ఏ మాటలో?” మొదట్లో ఇది గడుసుతనం అనుకున్నాం. అది గడుసుతనం కాదు, పద్ధతి. ‘పొడుగు’ అనే అక్షరం ‘ఛాంగ్’ అంటే పొడుగు, ‘జాంగ్’ అంటే పెరగటం. ‘పెద్ద’ అనే అర్థం కూడా ఈ రెండోదానికే ఉంది గనక బడి పెద్ద, అంటే హెడ్మాస్టరు, ‘షియావ్ జాంగ్’. సంతోషం అనే అక్షరం ‘ల’, సంగీతం అన్నప్పుడు అదే అక్షరం ‘యువె’. విడిగా అక్షరాన్ని ఎత్తి చూపించి చదవమంటే జవాబు లేదు. పక్కన ఇంకో అక్షరం వచ్చి నిలబడితేనే దీనికి గొంతు వస్తుంది.

మా వృత్తిని బట్టి మేము ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకుంటున్నవి ఎక్కువగా రోగాల మాటలు. ఈ చోట పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి. మాండరిన్‌లో నాలుగు స్వరాలు. ఒకటి సమంగా సాగేది, రెండు పైకి లేచేది, మూడు దిగి లేచేది, నాలుగు ఠకీమని కిందికి పడేది. మేము తెలుగులో వ్రాసుకుని పక్కన అంకె వేసుకుంటాం. ఒక పెట్టె గీసి మధ్యగా నిలువుగీత పెడితే ‘నడుమ’ అనే అక్షరం. ‘జోంగ్ 1’ అని పలికితే నడుమ, చైనా దేశం పేరులో మొదటి అక్షరం ఇదే, చైనా వైద్యం అనే మాటలోనూ ఇదే. దీన్నే ‘జోంగ్ 4’ అంటే తగలటం, గురికి కొట్టటం. ‘జోంగ్ 4 ఫెంగ్ 1’ అంటే గాలి తగలటం, అంటే పక్షవాతం, మేము స్ట్రోక్ అనేది. మన పల్లెల్లో కూడా గాలి సోకింది అనే మాట ఉంది. వాతం అన్నా గాలే కదా. ఆ మాట దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆగిపోయాం.

‘చూచు’ అనే అక్షరం ‘కాన్ 4’ అయితే చూడటం, డాక్టరుకి చూపించుకోవటం కూడా. ‘కాన్ 1’ అయితే కనిపెట్టి ఉండటం, రోగి పక్కన కాపలా ఉండి చేసే సేవ. డాక్టరుకీ నర్సుకీ ఒకే అక్షరం, స్వరం వేరు. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకి ఈ తేడా ఎంత నిజమో తెలుసు. ‘తు 3’ అంటే తనంతట తాను ఉమ్మటం, ‘తు 4’ అంటే ఆపుకోలేక కక్కటం. కాగితం మీద రెంటికీ ఒక్కటే అక్షరం. రక్తం పడిందన్నవాణ్ణి ఉమ్మిలోనా వాంతిలోనా అని అడగటం మాకు మొదటి సంవత్సరం నుంచీ నూరిపోసిన ప్రశ్న. ఒకటి ఊపిరితిత్తుల వైపు తీసుకుపోతుంది, ఇంకోటి కడుపు వైపు. ఆ రక్తానికీ రెండు పలుకులు ఉన్నాయి: పుస్తకాల మాటల్లో ‘ష్యువె’, ఇంట్లో వేలు తెగినప్పుడు ‘షియె’. నాడి అనే అక్షరం ‘మాయ్’. ధమని, నాడి కొట్టుకోవటం, అన్నీ ఈ పలుకుతోనే. అదే అక్షరం జంటగా ‘మో మో’ అని వస్తే మాట లేకుండా ప్రేమగా చూసే చూపు. ఇది నేర్పిన రోజున మా స్నేహితురాలు, మీ డాక్టర్లకి ఈ రెండోది అక్కర్లేదులే, అని నవ్వింది.

వీటన్నిటికంటే మమ్మల్ని పట్టుకున్నది క్యాన్సర్ అక్షరం. ఇప్పుడు దాన్ని ‘ఆయ్ 2’ అంటారు. పూర్వం దాని ఉచ్చారణ ‘యెన్ 2’. వాపు, మంట, మేము ఇన్‌ఫ్లమేషన్ అనేదానికి వేరే అక్షరం ఉంది, దాని ఉచ్చారణా ‘యెన్ 2’ యే. అంటే జీర్ణకోశంలో వాపు అన్నా, జీర్ణకోశంలో క్యాన్సర్ అన్నా చెవికి ఒక్కటే మాట. కంటితో చదివితే తేడా తెలుస్తుంది, నోటితో చెబితే తెలియదు. ఊహించండి. డాక్టరు మంచం పక్కన నిలబడి రెండు ముక్కలు చెబుతాడు. అది పది రోజుల మందుతో పోయేదో, పోనిదో, చీటీ చూస్తేగాని ఇంటివాళ్ళకి తెలియదు. గత శతాబ్దం మధ్యలో చైనాలో నిఘంటువులు కూర్చినవాళ్ళు ఈ చిక్కు విప్పటానికి క్యాన్సర్ అక్షరం ఉచ్చారణనే మార్చి ‘ఆయ్’ అని స్థిరపరిచారు. ఒక భాషలో ఒక అక్షరం పలుకుని రోగి కోసం మార్చటం మేము ఇంకెక్కడా వినలేదు.

అక్కడ ఇలాంటి పనులు ప్రభుత్వమే చేస్తుంది. రెండు మూడు రకాలుగా పలికే మాటలకి ఏది ఒప్పో నిర్ణయిస్తూ చైనాలో 1985లో ఒక పట్టిక వేశారు, తైవాన్‌లో 1999లో వాళ్ళది వేరే వేశారు. 2016లో చైనా పట్టికకి సవరణలు ప్రతిపాదిస్తే, 2019లో ఆ సంగతి జనంలో పడి పెద్ద రగడ అయింది. పాత పద్యాల్లో ప్రాస కోసం నిలిచిన ఉచ్చారణలు తీసేస్తే పద్యం ఏం గాను, చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్నది ఇప్పుడు తప్పంటారా అని జనం కోపం. ఆ కోపం మనకి అర్థమవుతుంది. మనవాళ్ళు అరసున్న కోసం, బండి ‘ఱ’ కోసం ఎంత పోట్లాడుకోలేదు!

ఇంగ్లీషులో ఇలాంటివి లేవా అంటే, ఆసుపత్రి నిండా ఉన్నాయి. ఎల్, ఇ, ఎ, డి అని వ్రాసి ‘లెడ్’ అంటే సీసం, ఎక్స్‌రే గదిలో మేము తొడుక్కునే ఏప్రన్‌లో ఉండేది. ‘లీడ్’ అంటే ఇ.సి.జి. తీసేటప్పుడు ఛాతీమీద అంటించే తీగ. టి, ఇ, ఎ, ఆర్ ‘టియర్’ అయితే కన్నీరు, కంటి డాక్టరు వైపు. ‘టేర్’ అయితే మోకాలిలో తెగిన నరం లాంటిది, ఎముకల డాక్టరు వైపు. గాయం ‘వూండ్’, దాని చుట్టూ కట్టు చుట్టితే ‘వౌండ్’, రెంటికీ ఒక్కటే స్పెల్లింగు. వీటికి ఎవరూ సూత్రం చెప్పరు. వాడి వాడి వస్తాయి.

ఇక మన ఇంటికి వద్దాం.

మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఆదివారం తెలుగు తరగతిలో గుణింతాలన్నీ పూర్తిచేసింది, కూడబలుక్కుని చదువుతుంది. ఒకరోజు వీడియోలో అమ్మమ్మకి వాచకం చదివి వినిపించింది. చాప, చారు, చలి, చుక్క. అన్నిటిలోనూ ‘చ’ ని చీమలో ‘చ’ లాగానే పలికింది. దాని లెక్క ప్రకారం అది సరే. అక్షరం అదే కదా. అవతల అమ్మమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనక నిలబడ్డ మేనత్త పిల్లలు మటుకు నవ్వారు. అమ్మమ్మ సరిచేసి పలికింది. ఇది అడిగింది: “అమ్మమ్మా, చీమలో ఒకలాగా, చాపలో ఇంకోలాగా ఎందుకంటావు? రెండూ ఒకే లెటరు కదా?” అమ్మమ్మ ఆశ్చర్యపోయి, “వేరే ఏమంటున్నానే? చాపని చాప అనేగా అన్నాను!” అంది. డెబ్బై ఏళ్ళుగా ఆమె ఈ రెండు ధ్వనులూ పలుకుతూనే ఉంది, అవి రెండని ఆమెకి తెలియదు. ఆ తరవాత మూడు వారాలు మా అమ్మాయి తెలుగు పుస్తకం తెరవలేదు.

ఆ మూడు వారాల్లో మేము మన అక్షరాలని చైనా అక్షరాల పుస్తకంలో ఎక్కించాం. చూస్తే మనకీ ‘దువో యిన్ ౘ్’ ఉన్నాయి. చీమ, చెట్టు, చేపలో నాలుక అంగిలికి తగులుతుంది, తాలవ్యం. చాప, చుక్క, చొక్కాలో పళ్ళ వెనక తగులుతుంది, దంత్యం. ‘జ’ సంగతీ అంతే: జీడి, జేబు ఒకరకం, జున్ను, జొన్న ఇంకోరకం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి సూత్రం చెప్పాడు. ఇ ఈ ఎ ఏ లతో కలిసినప్పుడు తాలవ్యం, అ ఆ ఉ ఊ ఒ ఓ ఔ లతో కలిసినప్పుడు దంత్యం. ఇంతటితో అయితే ఎనిమిదేళ్ళ పిల్లకి చెప్పవచ్చు. కాని సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఎక్కడైనా తాలవ్యమే. అందుచేత చలి దంత్యం, చలనం తాలవ్యం. జాలి ఒకటి, జాతి ఒకటి. తలకి వేసే జడ వేరు, జడత్వంలో జడ వేరు. అమెరికాలో పుట్టిన పిల్లకి ఏది తత్సమమో ఏది దేశ్యమో చెప్పి ‘చ’ పలికించాలంటే, కాలేజీలో చేర్చాక మొదలుపెట్టాలి.

దీనికి పైన భూతకాలం ఉంది. ‘పంచుతాడు’ లో దంత్యం, ‘పంచాడు’ లో తాలవ్యం. ఒకే క్రియ! కారణం, ‘పంచాడు’ పూర్వం ‘పంచినాడు’. మధ్యలో ‘ఇ’ జారిపోయింది గాని, పుండు మానినా మచ్చ మిగిలినట్టు, ‘చ’ మీద దాని గుర్తు మిగిలింది. అంతే కాదు, ఆ దీర్ఘం కూడా మామూలు ‘ఆ’ కాదు, ఇంగ్లీషు ‘క్యాట్’ లో వినిపించే అచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు, గ్విన్ గారు కలిసి 1985లో ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ అచ్చుని ప్రత్యేకంగా గుర్తించారు. మన ఓనమాల్లో మటుకు దానికి స్థానం లేదు. కనక ‘చా’ అనే ఒక్క అక్షరాన్ని తీసుకోండి. చాపలో ఒకటి, చాముండిలో రెండు, పంచాడులో మూడు. మెయిన్ స్ట్రీట్ బోర్డుమీద బ్యాంకు అక్షరానికి మేము చూసినవి రెండు పలుకులే!

ప్రాంతాన్ని బట్టి ఈ పలుకుల్లో తేడాలున్నాయి, మేము చెప్పేది మా కృష్ణా గుంటూరు నోటి సంగతి. మేక అన్నప్పుడు ‘మే’ నోరు బాగా తెరుచుకుంటుంది, గోడకి కొట్టే మేకులో తెరుచుకోదు. తరవాత వచ్చే అచ్చు ముందుదాన్ని లాగుతుంది. జ్ఞానాన్ని వ్రాసినట్టు పలికేవాణ్ణి మేమింతవరకూ చూడలేదు. ఇవన్నీ మనకెవరూ చెప్పలేదు. బడికి వెళ్ళేనాటికే చెవిలో ఉన్నాయి. బళ్ళో అక్షరం మటుకే నేర్పారు, పలుకు అప్పటికే మన దగ్గర ఉంది. “ఎలా వ్రాస్తే అలా చదువుతాం” అనే మాట చెవి ఉన్నవాడికి నిజం.

ఈ చిక్కు కనిపెట్టిన తెల్లవాడు ఒకడున్నాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పరాయివాడు గనక ఆయన చెవికి ఈ తేడా తగిలింది. 1852లో అచ్చయిన తన తెలుగు ఇంగ్లీషు నిఘంటువులో దంత్యమైన చజలకి నెత్తిన రెండంకె లాంటి గుర్తు వేసి ౘ, ౙ అని చూపించాడు. 2008లో కంప్యూటర్ల యూనికోడ్‌లో ఈ రెంటికీ స్థానం ఇచ్చారు. మన పిల్లల వాచకాల్లో మేము ఎక్కడా చూడలేదు. తమాషా ఏమిటంటే, చైనావాళ్ళ పొద్దుటి పలకరింపు ‘ౘావ్’. దాన్ని తెలుగులో వ్రాసుకోవటానికి మాకు బ్రౌన్ దొర అక్షరమే కావలసివచ్చింది. మా స్నేహితురాలికి మేము ఈ ‘ౘ’ అంత శుభ్రంగా ఎలా పలికామో అర్థం కాలేదు. అమెరికను విద్యార్థులు దాని దగ్గర తడబడతారట. చాప మీద కూర్చుని చారన్నం తిన్నవాళ్ళం, మాకు తడబాటేమిటి!

మొన్న ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రాడికి ఇరవై ఏళ్ళు ఉంటాయి, ఇక్కడే పుట్టాడు. దుబాసీ ఫోనులోకి వచ్చేలోపల ఆవిడ చేతిసంచీలోంచి పాత మందుచీటీ తీసి వాడికిచ్చింది. వాడు తిప్పి చూసి, నేను చదవలేను అన్నాడు. ఆవిడ గట్టిగా చదివింది. వినగానే వాడికి అంతా అర్థమైంది. ఆవిడ విసుక్కోవటం, వాడు సముదాయించటం, ఏదో అంటే ఇద్దరూ నవ్వుకోవటం, అన్నీ వాళ్ళ భాషలోనే జరిగాయి. అక్షరం రాదుగాని చెవి నిండా అవ్వ గొంతు ఉంది. మా అమ్మాయి దీనికి తలకిందులు. యాభైఆరు అక్షరాలూ వచ్చు, గుణింతం తప్పు లేదు. అమ్మమ్మ చదివితే దీనికి సగం అందదు, ఇది చదివితే అమ్మమ్మకి అసలే అందదు. ఏది మేలో మేము తేల్చుకోలేదు. ఇద్దరిలో నవ్వుకున్నది మటుకు ఆ కుర్రాడూ వాళ్ళ అవ్వా.

తైవాన్‌లో పిల్లల పుస్తకాల్లో ప్రతి అక్షరం పక్కనా ఉచ్చారణ తెలిపే చిన్న గుర్తులు వేస్తారు. మొత్తం 37 గుర్తులు, పిల్లలు ముందు అవి నేర్చుకుని తరవాత అక్షరాల్లోకి వెళతారు. పెద్దయ్యాక ఆ గుర్తులు తీసేస్తారు, సైకిలు నేర్చుకునే పిల్లకి వెనక చిన్న చక్రాలు తీసేసినట్టు. మేము అదే పని బ్రౌన్ గుర్తులతో చేశాం. మా అమ్మాయి వాచకంలో పెన్సిలుతో దంత్యం ఉన్నచోటల్లా నెత్తిన రెండంకె వేశాం. సూత్రం చెప్పలేదు. మా స్నేహితురాలి పద్ధతిలో జంటలు చెప్పాం: చలి, చలనం. జాలి, జాతి. మంచం, మంచి. పంచుతాడు, పంచాడు. ‘చ’ ఎలా పలకాలి అని అడిగితే, ఏ మాటలో అని ఎదురు అడుగుతున్నాం. మొదటి వారం విసుక్కుంది. రెండో వారం ఆ రెండంకెకి ‘హ్యాటు’ అని పేరు పెట్టింది. ఇప్పుడు హ్యాటు లేనిచోట మేము వెయ్యటం మరిచిపోయామేమో అని మమ్మల్ని నిలదీస్తోంది. ‘చందమామ’ దగ్గర నిలదీసింది. అక్కడ హ్యాటు అక్కర్లేదని ఒప్పించటానికి చంద్రుడి దాకా వెళ్ళవలసి వచ్చింది.

గుర్తు వేసినంతమాత్రాన గొంతు రాదు. దానికి మనుషులు కావాలి. మే నెల వస్తే మనలో చాలామంది ఇళ్ళకి అమ్మలు, నాన్నలు, అత్తమామలు వస్తారు, వచ్చి ఆరు నెలలు టీవీ ముందు కూర్చుని, ఇక్కడ మాకేం పనుందమ్మా అంటూ ఉంటారు. పనుంది. జంట మాటలు ఒక అరవై దాకా కాగితం మీద వ్రాసి పెట్టాం. ఆదివారం తరగతి అయ్యాక ఒక్కొక్కరూ తలా పది మాటలు, వాటితో పాటు తమకి నచ్చిన కథ ఏదైనా ఒకటి చెబితే ఫోనులో పట్టుకుంటాం. గుంటూరు, వరంగల్లు, అనంతపురం, శ్రీకాకుళం అని లేదు, ఏ ఊరి పలుకైనా సరే, వేరువేరుగా ఉంటే మరీ మంచిది. కాఫీ, టిఫిను మావి. పెద్దవాళ్ళని దింపి వెళ్ళిపోకుండా పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టండి.